ముత్యపు వన్నెలు — మికిమోతో కోకిచి జీవితం

ముత్యమనగానే మనకు మొదట తోచేది తెలుపు. పలువరుసకు, వెన్నెలకు, మంచుబిందువుకు, మచ్చలేని కీర్తికి మన కవులు ముత్యాన్నే ఉపమానంగా తెచ్చినారు. భద్రాచలంలో సీతారాముల కల్యాణవేళ తలంబ్రాలలో కలిసి రాలే ముత్యాలు కూడ తెల్లనివే. అయినా ముత్యం తెల్లనిదే కావాలన్న నియమం ప్రకృతిలో లేదు. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో ముత్యాలు పుట్టే తావులను పేర్కొంటూ, తావును బట్టి వాటి రూపమూ వన్నె మారుతాయని చెప్పినాడు. తామ్రపర్ణి ముత్యంలో రాగిచాయ లీలగా కనిపిస్తుందనీ, కొన్ని చోట్ల నల్లనివి, పసుపువన్నెవి కూడ లభిస్తాయనీ ఆయన ఎరుగును. సముద్రం ఏ రెండు ముత్యాలకూ ఒకే వన్నె పెట్టదన్న సంగతి మన పూర్వులకు కొత్త కాదు.

అయితే అన్ని వన్నెల ముత్యాలనూ ఒక్క సరంగా గుచ్చి ఒక సామాన్య గృహిణి ధరించటం ఇరవయ్యవ శతాబ్దికి పూర్వం ఊహకైనా అందని విషయం. ఒక్క మంచి ముత్యం కొరకు వందలాది చిప్పలను పగులగొట్టవలసి వచ్చేది. దొరికిన ముత్యాలలో పరిమాణం, ఆకారం, కాంతి ఒకదానితో ఒకటి పొందికపడే వాటిని ఏర్చి ఒక హారం కూర్చటానికి వర్తకులకు ఏండ్లు పట్టేది. అందువల్ల ముత్యాలసరం రాజుల ధనాగారాలకూ, కోటీశ్వరుల కుటుంబాలకూ పరిమితమై ఉండేది. ఆ స్థితిని తన జీవితకాలంలోనే తలక్రిందులు చేసినవాడు జపాను దేశస్థుడైన మికిమోతో కోకిచి. మన తెలుగువారివలెనే జపానువారు కూడ ఇంటిపేరును ముందు చెప్పుకొంటారు. మికిమోతో అతని ఇంటిపేరు, కోకిచి అతని పేరు.

అతడు 1858లో జపాను తూర్పుతీరాన, షిమా ప్రాంతంలోని తోబా అనే చిన్న రేవుపట్టణంలో జన్మించినాడు. ఆ ప్రాంతం నేడు మియె మండలంలో చేరి ఉన్నది. తండ్రి గోధుమపిండితో చేసే ఉడోన్ అనే సేమ్యావంటి వంటకాన్ని వండి అమ్మే చిన్న దుకాణం నడిపేవాడు. ఇంట సంతానం అధికం, ఆదాయం స్వల్పం. పెద్దకొడుకైన కోకిచి పదమూడు పదునాలుగేండ్ల వయసుననే కూరగాయల తట్ట భుజాన వేసుకొని వీధులు తిరిగినాడు. బడిలో నేర్చిన చదువు కొద్దిపాటిదే. లోకంలో నేర్చినది మాత్రం అపారం.

ఆ బాలుని చొరవను తెలిపే ఒక సంఘటన ప్రసిద్ధం. తోబా రేవులో ఒక బ్రిటిషు నౌక లంగరు వేసినది. కూరగాయలు, గ్రుడ్లు అమ్మదలచి పడవలపై వెళ్ళిన వర్తకులను నావికులు దరికి రానీయలేదు. కోకిచి తన పడవలో వెల్లకిల పడుకొని, పాదాలతో వస్తువులను ఎగురవేసి త్రిప్పే గారడీ ప్రారంభించినాడు. నావికులు నవ్వి, ముచ్చటపడి అతనిని నౌక మీదికి పిలిచినారు. అతని సరుకంతా అమ్ముడుపోయినది. ఈ పాదవిద్యను అతడు తొంబదేండ్లు దాటిన తరువాత కూడ అతిథుల ముందు ప్రదర్శించి వినోదింపజేసేవాడు.

1878లో, ఇరవై ఏండ్ల వయసులో, అతడు తోక్యో, యొకొహామా నగరాలను చూడబోయినాడు. అక్కడ చీనా వర్తకులు సముద్రపు సరుకులను ఆత్రంగా కొనటం గమనించినాడు. తన ఊరి తీరాన దొరికే ముత్యాలకు ఆ వీధులలో పలికే ధర అతనిని ఆశ్చర్యపరచినది. కూరగాయలు విడిచి సముద్రపు సరుకుల వ్యాపారానికి దిగినాడు. 1881లో ఉమె అనే యువతిని వివాహమాడినాడు.

వ్యాపారం సాగేకొద్దీ అతనికి ఒక భయం పట్టుకొన్నది. ఆ తీరాన అకోయా అనే జాతి ముత్యపుచిప్పలు పెరుగుతాయి. అమా అని పిలువబడే స్త్రీలు ఊపిరి బిగబట్టి సముద్రగర్భానికి మునిగి వాటిని తెచ్చేవారు. ముత్యానికి ధర పెరిగినకొద్దీ జనం చిన్న చిప్పలను కూడ విడువక ఏరివేయసాగినారు. ఇదే తీరున సాగితే కొలది కాలంలో ఆ జాతియే నశించగలదని మికిమోతో గ్రహించినాడు. చిప్పలను కాపాడి పెంచితే బాగుండునని తలచి 1888లో ఆగో అఖాతంలో ఒక మూలను తీసుకొని వాటి పెంపకం ఆరంభించినాడు. అప్పటికి అతని కోరిక చిప్పలను పెంచటమే. ఎన్ని చిప్పలు పెంచినా, వాటిలో ముత్యం పుట్టేది ఏ ఒకదానిలోనో మాత్రమే. పెంపకపు ఖర్చు ఎట్లు గిట్టును? ఈ ప్రశ్నయే అతనిని ఆ తరువాతి మార్గానికి నడిపించినది.

1890లో తోక్యోలో జరిగిన పారిశ్రామిక ప్రదర్శనకు అతడు తన చిప్పలను తీసుకొని వెళ్ళినాడు. అక్కడ తోక్యో విశ్వవిద్యాలయంలోని జంతుశాస్త్ర ఆచార్యుడు మిత్సుకురి కాకిచితో పరిచయం కలిగినది. చిప్పలో పరాయి వస్తువును ప్రవేశపెట్టి ముత్యం పుట్టించటం సిద్ధాంతరీత్యా సాధ్యమేననీ, చేసి చూపినవారు మాత్రం ఇంకను లేరనీ ఆచార్యుడు తెలిపినాడు. సేమ్యా దుకాణదారు కొడుకుకు ఆ మాట చాలినది.

స్వాతివాన చినుకు చిప్ప నోట పడి ముత్యమవుతుందని మన దేశంలో ఒక అందమైన నమ్మకం కలదు. పాశ్చాత్యులలో కూడ మంచుబిందువును గురించి ఇటువంటి నమ్మకమే ఉండేది. శాస్త్రం చెప్పే కథ వేరు. ముత్యపుచిప్పలోని జీవి దేహాన్ని ప్రావారమనే మెత్తని పొర కప్పి ఉంటుంది. చిప్ప లోపలి నిగారింపు పూతను స్రవించేది ఆ పొరయే. పురుగు తొలచినప్పుడో, గాయమైనప్పుడో ఆ పొరలోని కణాలు కొన్ని చెదరి దేహంలోపలికి చేరితే, అవి అక్కడ ఒక సంచిగా ఏర్పడి తమ స్వభావం ప్రకారం పూత పూయసాగుతాయి. పూత మీద పూత పేరుకొని ముత్యమవుతుంది. ఈ రహస్యం ఆనాడు మికిమోతోకు పూర్తిగా తెలియదు. గాజుపూసలు, సీసపు గుండ్లు, మట్టి, చిప్పముక్కలు మొదలైన ఎన్నో వస్తువులను చిప్పలలో ఉంచి చూచినాడు. చిప్పలు కొన్నింటిని ఉమ్మివేసినవి, కొన్ని చచ్చిపోయినవి. అప్పులు పెరిగినవి. ఊరివారు అతనికి మతి చలించినదని చెప్పుకొన్నారు.

1892 చివర మరొక ఉపద్రవం వచ్చిపడినది. సూక్ష్మజీవులు అమితంగా పెరిగి సముద్రజలాన్ని ఎర్రబరచే వైపరీత్యాన్ని ఎర్రపోటు అంటారు. ఆ నీటిలో చిప్పలు బ్రతుకజాలవు. ఆగో అఖాతంలో అతడు ప్రయోగానికి ఉంచిన చిప్పలు సమస్తమూ నాశనమైనవి. తోబా సమీపాన ఒజిమా అనే చిన్న దీవి వద్ద ఉంచిన చిప్పలు మాత్రం మిగిలినవి. భర్త నిరాశకు లోనైనవేళ ఉమె ఇంటి వ్యాపారాన్ని తన చేతుల మీద నడిపి, ఆ మిగిలిన చిప్పలనైనా చూచుకొందామని ధైర్యం చెప్పినది. 1893 జూలై 11వ తేదీన దంపతులిద్దరూ ఒజిమా వద్ద చిప్పలను తీసి తెరచి చూచినారు. ఒక చిప్పలో, గోడకు అతుక్కొని, అర్ధగోళాకారంలో ఒక ముత్యం మెరసినది. మనుష్యుని సంకల్పంతో పుట్టిన ఆ అరముత్యం వారి అయిదేండ్ల తపస్సుకు ఫలం.

1896లో ఈ పద్ధతికి ప్రభుత్వం పేటెంటు ప్రసాదించినది. అదే సంవత్సరంలో ఉమె మరణించినది. అప్పటికి ఆమె వయస్సు ముప్పదిరెండేండ్లు. ఆమె చూచినది అరముత్యాన్నే. గుండ్రని ముత్యాన్నీ, దేశదేశాలలో వెలసిన దుకాణాలనూ చూచే భాగ్యం ఆమెకు కలుగలేదు. పిల్లల పెంపకమూ, చిప్పల పెంపకమూ రెండూ మికిమోతో మీద పడినవి. 1899లో అతడు తోక్యోలోని గింజా వీధిలో ముత్యాల దుకాణం తెరచినాడు.

అరముత్యం ఉంగరానికీ, పతకానికీ పనికివస్తుంది గాని సరానికి పనికిరాదు. సరానికి అన్ని వైపులా గుండ్రనైన ముత్యం కావాలి. 1905లో ఎర్రపోటు మరల విజృంభించినది. ఈసారి చచ్చిన చిప్పలు ఎనిమిది లక్షల యాభై వేలు. కుళ్ళిన చిప్పల దుర్గంధం మధ్య కూర్చుండి మికిమోతో వాటిని ఒక్కొక్కటిగా పరీక్షించినాడు. ఆ శవరాశిలో అయిదు గుండ్రని ముత్యాలు కనిపించినవి. ముత్యం గోడకు అంటక దేహం లోపలనే పెరిగితే గుండ్రంగా రాగలదని అతనికి రూఢి అయినది.

అయితే ఈ ఘనత అంతయు ఒక్క మికిమోతోదే అనటం న్యాయం కాదు. అతని అల్లుడైన నిషికవా తోకిచి అనే జీవశాస్త్రజ్ఞుడు, మిసె తత్సుహెయి అనే వడ్రంగి కూడ ఆ కాలంలోనే గుండ్రని ముత్యపు మార్గాన్ని వేరువేరుగా కనుగొన్నారు. ఒక చిప్పజీవి ప్రావారం నుండి చిన్న ముక్కను కత్తిరించి, దానిని ఒక గుండ్రని పూసతో కూడ మరొక చిప్పజీవి దేహంలో నాటటం ఆ పద్ధతి. నిషికవా 1909లో పిన్నవయసుననే మరణించినాడు. మికిమోతో తన పద్ధతులకు తాను పేటెంట్లు పొందినాడు గాని, కాలక్రమాన లోకమంతా అనుసరించినది ప్రధానంగా ఆ ఇరువురి మార్గాన్నే. ఆ మార్గాన్ని విశాలమైన పరిశ్రమగా నిలబెట్టి, అందులోని ముత్యాన్ని ప్రపంచం చేత అంగీకరింపజేసిన పని మాత్రం మికిమోతోదే. నాటే పూసకు అమెరికాలోని మిసిసిపీ నది చిప్పలు శ్రేష్ఠమని తేలినది. ఆ విధంగా ఒక నది చిప్ప మీద ఒక సముద్రపు చిప్ప పూతపోయగా ముత్యం తయారయినది.

వన్నెల విషయం ఇక్కడనే ప్రధానమవుతుంది. ముత్యానికి ఏ రంగు వస్తుందన్నది ఎక్కువభాగం ఆ ప్రావారపు ముక్కను బట్టి ఉంటుంది. ఏ చిప్ప నుండి ముక్క తీసినారో ఆ చిప్ప లోపొర వన్నె ముత్యానికి సంక్రమిస్తుంది. పెరిగిన నీరు, తిన్న ఆహారం, చిప్ప ఆరోగ్యం కూడ కొంత మార్పు తెస్తాయి. పూసకూ పూతకూ నడుమ నల్లని జీవపదార్థం చేరితే ముత్యం నీలిబూడిద చాయ దాలుస్తుంది. అందుచేత ఒకే అఖాతంలో, ఒకే తెప్పకు వ్రేలాడిన బుట్టలలో పెరిగిన ముత్యాలే తెల్లనివి, గులాబిచాయవి, మీగడవన్నెవి, లేతపసుపువి, నీలిచాయవి అయి వెలికివస్తాయి. మికిమోతో సాగులో ప్రతి కోతకాలంలోను ఈ వన్నెల రాశి బల్లల మీద పోయబడేది. ఉత్తరపు కిటికీ నుండి వచ్చే నిలుకడ వెలుతురులో కూర్చుండి పనివారు వాటిని ఏర్చేవారు.

ముత్యంలో రంగు ఒక్కటి కాదు. మొదటిది దాని మూలవర్ణం. అది తెలుపు కావచ్చు, పసుపు కావచ్చు, నలుపు కావచ్చు. రెండవది ఆ వర్ణం మీద తేలియాడే పైచాయ. తెల్లని ముత్యాన్ని కొద్దిగా దొర్లించినప్పుడు గులాబిరంగో, లేత ఆకుపచ్చయో దాని మీద జారిపోయినట్లు కనిపించటం ఈ చాయ వల్లనే. మూడవది కొన్నింటి యందు మాత్రమే కనిపించే ఇంద్రధనుస్సు వంటి తళుకు. ముత్యపు పూత ఆరగొనైటు అనే సున్నపు పదార్థపు పలకలతో ఏర్పడినది. ఒక్కొక్క పలక మందం మిల్లీమీటరులో సుమారు రెండువేలవ వంతు. కాంతి తరంగాల పొడవుకు ఇది చేరువ. కావున ఆ పలకల అంచులనుండి, పొరలనుండి మరలిన కాంతికిరణాలు ఒకదానితో ఒకటి కలిసి కొన్ని రంగులను హెచ్చించి, కొన్నింటిని అణచివేస్తాయి. మూలవర్ణం పూసిన రంగయితే, పైచాయ కాంతి ఆడే ఆట.

తెల్లని, గులాబిచాయ ముత్యాలకే విపణిలో ఎక్కువ గిరాకి ఉండేది. ఒకే వన్నె కలిగినవాటిని ఏర్చి సమానమైన సరం కూర్చటమే నాటి నేర్పు. అయినప్పటికీ మికిమోతో దృష్టి అకోయా చిప్పతో ఆగలేదు. దక్షిణాన ఒకినావా ప్రాంతపు ఇషిగాకి దీవిలో నల్లపెదవి చిప్ప అనే వేరొక జాతి కలదు. దాని లోపొర అంచున నలుపు, ఆకుపచ్చ, ఊదారంగుల కలయిక ఉంటుంది. 1910ల నుండి అక్కడ అతడు నల్లముత్యాల సాగుకు ప్రయత్నించినాడు. ఎన్నో విఘ్నాలు కలిగినా విడువక 1930ల నాటికి మంచి నల్లముత్యాలను పొందగలిగినాడు. ఈనాడు లోకం మెచ్చుకొనే రంగుల సరాలకు వేసిన తొలి బాటలలో ఇది ఒకటి.

ఇంతలో ఐరోపాలో పెద్ద వివాదం చెలరేగినది. మికిమోతో గుండ్రని ముత్యాలు లండను విపణికి చేరి, సహజ ముత్యాల కంటె తక్కువ ధరకు అమ్ముడుపోసాగినవి. పైచూపుకు వాటికి వీటికి భేదం తెలియదు. 1921లో పత్రికలు కోలాహలం చేసినవి. తమ పెట్టెలలోని ముత్యాల విలువ ఏమగునోనని వర్తకులు భయపడి, ఇవి దొంగముత్యాలని ప్రచారం చేసినారు. పారిస్ నగరంలో వ్యవహారం న్యాయస్థానానికి ఎక్కినది. మోసగాడన్న పేరు నిలిచిపోతే మికిమోతో ముప్పదేండ్ల శ్రమ వృథా కావలసినదే. ఇంగ్లండుకు చెందిన జేమ్సన్, ఫ్రాన్సుకు చెందిన బూతాఁ అనే శాస్త్రజ్ఞులు సాగుముత్యాలను పరీక్షించి, పూత విషయంలో వాటికీ సహజ ముత్యాలకూ తేడా లేదని తెలిపినారు. 1924లో తీర్పు మికిమోతోకు అనుకూలంగా వచ్చినది. చిప్పకు ప్రేరణ ఇచ్చినది మనుష్యుడైనా, ముత్యాన్ని కన్నది చిప్పయే అన్న న్యాయం గెలిచినది. అయినా సాగుముత్యమని చెప్పియే అమ్మాలన్న మర్యాద వర్తకంలో స్థిరపడినది. అది కొనేవారికి మేలు చేసినది. అదే సంవత్సరం అతడు జపాను ప్రభువుల సభలో సభ్యుడుగా నియమితుడైనాడు.

1927లో అతడు అమెరికాలో థామస్ ఎడిసన్‌ను దర్శించి తన ముత్యాలను చూపినాడు. తన ప్రయోగశాలలో చేయలేకపోయిన వస్తువులు వజ్రమూ, ముత్యమూ రెండేనని ఆ వృద్ధ శాస్త్రజ్ఞుడు అంగీకరించి అభినందించినాడట. కూరగాయల తట్ట మోసినవానికి ఇంతకు మించిన పట్టా ఏ విశ్వవిద్యాలయం ఇవ్వగలదు?

ప్రచారంలో మికిమోతో మహా నేర్పరి. 1926లో ఫిలడెల్ఫియా ప్రదర్శనకు 12,760 ముత్యాలతో అయిదంతస్తుల బౌద్ధగోపురాన్ని చేయించి పంపినాడు. 1939లో న్యూయార్కు ప్రదర్శనకు అమెరికావారి స్వాతంత్ర్య ఘంటను 12,250 ముత్యాలతో, 366 వజ్రాలతో నిర్మింపజేసినాడు. అసలు ఘంటకు ఒక పగులు ఉన్న సంగతి లోకవిదితం. శిల్పులు ఆ పగులును దాచలేదు. తెల్లని ముత్యాల మధ్య నీలిచాయ ముత్యాలను వరుసగా పొదిగి దానిని చూపినారు. సరంలో తెలుపుతో పొసగదని ప్రక్కన పెట్టదగిన వన్నె, తన తావు దొరికినప్పుడు ఆ శిల్పానికే ప్రాణమైనది.

ముత్యాల సాగు విస్తరించినకొద్దీ నాసిరకపు సరుకు విపణిని ముంచెత్తినది. పూత పలుచనై, కొలది కాలానికే వెలిసిపోయే ముత్యాలను కొందరు చౌకగా అమ్మసాగినారు. 1932లో మికిమోతో కోబె నగరంలో వర్తక సంఘ భవనం ఎదుట సుమారు 135 కిలోల నాసి ముత్యాలను బహిరంగంగా తగులబెట్టించినాడు. ముత్యం సున్నపు పదార్థం కనుక మంటలో కాంతి పోయి పొడియవుతుంది. ఈ పనిలో ప్రచారకాంక్ష లేదని చెప్పలేము. అయితే అందులోని భేదం గుర్తింపదగినది. అతడు కాల్పించినవి పూత చాలని ముత్యాలు. వన్నె వేరైనంత మాత్రాన ఏ ముత్యమూ దోషి కాదు. పూత పలుచనైన ముత్యం తెల్లగా మెరసినా నిలువదు.

ఈ విజయానికి మరొక ప్రక్క కూడ కలదు. పారశీక సింధుశాఖ తీరాన బహ్రెయిన్, కువాయిట్ మొదలైన చోట్ల తరతరాలుగా ముత్యాలకై మునిగే వృత్తి ప్రజల జీవనాధారం. మన హైదరాబాదులో బస్రా ముత్యాలని ప్రసిద్ధిచెందినవి ఆ జలాలలోనివే. సాగుముత్యాల పోటీ, 1929 తరువాతి ఆర్థికమాంద్యం రెండూ కలిసి ఆ వృత్తిని కూలద్రోసినవి. 1932లో బహ్రెయిన్‌లో చమురు దొరికేవరకు ఆ తీరవాసులు అనుభవించిన దారిద్ర్యం చిన్నది కాదు. ఆగో అఖాతంలో నిండిన బుట్టల వల్ల మరొక సముద్రాన పడవలు ఒడ్డెక్కినవి. మికిమోతో జీవితాన్ని తూచేటప్పుడు ఈ సంగతిని కూడ త్రాసులో వేయవలసి ఉన్నది.

రెండవ ప్రపంచయుద్ధం రాగానే ముత్యాలు విలాస వస్తువులని ప్రభుత్వం వాటి వ్యాపారాన్ని అడ్డగించినది. ఎనుబదేండ్లు దాటిన మికిమోతో ఆగో అఖాతంలోని తన తావున ఓపికతో కాలం గడపినాడు. యుద్ధానంతరం జపానుకు వచ్చిన అమెరికా సైనికులు ఇండ్లకు తీసుకొని వెళ్ళే కానుకలలో ముత్యాలు ముఖ్యమైనవి. పరిశ్రమ మరల తలయెత్తినది. అతని ఏకైక కుమారుడు ర్యూజో వ్యాపారం కంటె సాహిత్యాన్ని ప్రేమించి, ఆంగ్ల రచయిత రస్కిన్ గ్రంథాలను, వ్రాతప్రతులను సేకరించి అధ్యయనానికి జీవితం ధారపోసినాడు. తండ్రి వన్నెలను సముద్రంలో వెదకినాడు. కొడుకు, కన్ను తెరచి ప్రకృతిని చూడటమెట్లో బోధించిన రచయితలో వెదకినాడు.

1954 సెప్టెంబరు 21న, తొంబదియారేండ్ల వయసులో మికిమోతో కోకిచి కన్నుమూసినాడు. ప్రభుత్వం మరణానంతరం అతనికి ఉన్నత గౌరవ పతకాన్ని ప్రదానం చేసినది. 1985లో జపాను పేటెంటు కార్యాలయం దేశపు పదిమంది మహా ఆవిష్కర్తలలో ఒకనిగా అతనిని పేర్కొన్నది. తొలి అరముత్యం దొరికిన ఒజిమా నేడు అతని పేరిటనే ముత్యాల దీవిగా ప్రసిద్ధమై, యాత్రికులను ఆకర్షిస్తున్నది. తెల్లని వస్త్రాలు ధరించిన అమా స్త్రీలు అక్కడ ఇప్పటికీ నీట మునిగి తమ పూర్వవిద్యను ప్రదర్శిస్తున్నారు.

విచిత్రమేమనగా, మికిమోతో మరణించిన 1954లోనే మన దేశంలో ముత్యపు వన్నెల రహస్యాన్ని శోధించిన పరిశోధనలు వెలువడినవి. బాల్యంలో విశాఖపట్టణంలో చదువుకొన్న చంద్రశేఖర వెంకట రామన్, బెంగుళూరులో కృష్ణమూర్తి అనే సహచరునితో కలిసి ముత్యాల నిర్మాణాన్నీ, వాటిపై కాంతి ప్రవర్తనను పరీక్షించి వ్యాసాలు ప్రకటించినాడు. సముద్రపు నీలిమకు కారణం వెదకిన దృష్టియే సముద్రం కన్న ముత్యం మీద కూడ ప్రసరించినది. ముత్యం గుండా, ముత్యం చుట్టూ వెలుగు చెదరేటప్పుడు కనిపించే రంగుల వలయాలు దాని లోపలి పొరల అమరికను తెలుపుతాయని ఆ పరిశోధనలు చూపినవి. ఒకడు సముద్రాన పండించిన దానిని మరొకడు వెలుగులో చదివినాడు.

ఆ తరువాతి దశాబ్దాలలో ముత్యాల వన్నెలు మరింత విస్తరించినవి. 1960ల నుండి ఫ్రెంచి పాలినేషియా దీవులలో నల్లపెదవి చిప్పల సాగు ఆరంభమై, నెమలికంఠపు ఆకుపచ్చ, వంకాయరంగు, ఉక్కుబూడిద చాయల ముత్యాలు లోకానికి అందినవి. ఆస్ట్రేలియా, ఫిలిప్పీను సముద్రాలలోని పెద్దచిప్పలు వెండివన్నె, బంగారువన్నె ముత్యాలను ఇస్తున్నవి. చీనాలోని మంచినీటి చిప్పలు గులాబి, లేతనారింజ, లేత ఊదారంగు ముత్యాలను రాసులుగా పండిస్తున్నవి. చార్మినారు చుట్టుపట్ల, పత్తర్‌గట్టి దుకాణాలలో నేడు వ్రేలాడే సరాలలో అనేకం ఆ మంచినీటి ముత్యాలతో కూర్చినవే. విదేశాలనుండి వచ్చిన ముత్యాలకు బెజ్జం వేయటంలో, గుచ్చటంలో హైదరాబాదు పనివారి నేర్పు ప్రసిద్ధం.

అటువంటి రంగుల సరాన్ని చూడటానికి కూడ ఒక పద్ధతి కలదు. పగటి వెలుతురులో, ఎండ నేరుగా పడనిచోట, తెల్లని మెత్తని గుడ్డ మీద సరాన్ని పరచాలి. మొదట వన్నెను చూడక కాంతిని చూడాలి. వన్నెలు ఎన్నైనా, నిగారింపు మొదటి ముత్యం నుండి చివరి ముత్యం వరకు సమంగా ఉండాలి. ఒక్కటి మసకగా ఉన్నా సరమంతా మసకబారుతుంది. పిదప పరిమాణమూ, ఆకారమూ పొందికగా ఉన్నవో లేవో గమనించాలి. ఆ తరువాతనే రంగుల అమరిక. చేయితిరిగిన కూర్పరి లేతచాయ నుండి ముదురుచాయకు మెట్టుమెట్టుగా నడుపుతాడు, లేదా ఎదురుచాయలను ప్రక్కప్రక్కన నిలిపి ఒకదానితో మరొకదానికి శోభ తెస్తాడు. చివరగా సరాన్ని నెమ్మదిగా దొర్లించి పైచాయలను చూడాలి. బూడిదవన్నె ముత్యంలో గులాబి, నల్లముత్యంలో ఆకుపచ్చ, తెల్లముత్యంలో లేతనీలం అప్పుడు బయటపడతాయి. రంగువేసిన ముత్యాలలో ఒకే రంగు గట్టిగా పరచుకొని, బెజ్జం దగ్గర చిక్కబడి కనిపించటం కద్దు. సముద్రం ఇచ్చిన రంగు ఎప్పుడూ కొంచెం చలిస్తూ, కొంచెం తప్పించుకొంటూ ఉంటుంది.

ఒకే వన్నె ముత్యాలను ఏర్చి కూర్చటం కష్టమైన పని, గౌరవింపదగిన పని. అనేక వన్నెలను ఒక్క దారాన పొసగించటం అంతకంటె సూక్ష్మమైన పని. అక్కడ సమానత్వం రంగులో ఉండదు, కాంతిలో ఉంటుంది. ప్రపంచంలోని స్త్రీలందరి మెడలలో ముత్యాలు చూడాలని కోరుకొన్న మికిమోతో, ఆ కోరిక నెరవేర్చటానికి ఎర్రపోటును రెండుమార్లు, అపవాదును ఒకమారు, ప్రియురాలైన భార్య మరణాన్ని జీవితాంతం భరించినాడు. అతని సాగు వల్ల ముత్యానికి అరుదన్న గౌరవం కొంత తగ్గినది. కాని పూర్వం రాజులు కూడ ఒక్కచోట చూడలేని వన్నెలు నేడు ఒక సాధారణ కుటుంబపు పెట్టెలోని సరంలో ప్రక్కప్రక్కన మెరుస్తున్నవి. తోబా వీధులలో కూరగాయలు మోసిన బాలుడు లోకానికి విడిచిపోయిన ఆస్తి ఇదే.